నొప్పి పోయింది, కాలు మానలేదు

అలిపిరి దగ్గర మొదలుపెట్టి 3550 మెట్లూ వట్టి కాళ్లతో ఎక్కాను. మోకాళ్ల పర్వతం దగ్గర అందరూ మోకాళ్లు పట్టుకుని ఎక్కుతుంటే నేను గోవిందా అనుకుంటూ ఆగకుండా పోయాను. ఏమీ కాలేదు. దర్శనం చేసుకుని బస్సులో కిందికి దిగి, రాత్రి ఎనిమిదిన్నరకు బైరాగిపట్టెడలో మా వీధి మొదట్లో ఆటో దిగాను. ఇంటికి ఇరవై అడుగులు. అక్కడ కాలవ మీద ఒక బండ ఉంది. అది ఊగుతుందని పదేళ్లుగా నాకు తెలుసు. సరిగ్గా దాని మీదే ఎడమ కాలు లోపలికి మడతపడింది. టప్ మని చిన్న చప్పుడు. కూలబడ్డాను. లడ్డూ కవరు మాత్రం చేతిలోంచి జారలేదు. ఈ సంగతి మా ఆవిడ వచ్చినవాళ్లందరికీ చెప్పింది, ఇప్పటికీ చెబుతుంది.

పెరటాసి మొదటి శనివారం అది. పేరుకు తమిళ నెలే గానీ చిత్తూరు సీమలో అది మా నెలే. నెలంతా ఇంట్లో నీచు ఉండదు, ఒక శనివారమైనా కొండకు నడిచిపోవాలి. మా నాయన కాలం నుంచి ఉన్న అలవాటు. నాకు 48 ఏళ్లు. జిరాక్సు, డీటీపీ షాపు నడుపుతాను. రోజంతా స్టూలు మీద కూర్చునేవాడిని, ఏడాదికొకసారి ఒక్కపూటలో కొండెక్కేస్తాను. ఆ బండ మీద ఎందుకు మడతపడిందో తర్వాత తెలిసింది. పాదం లోపలికి ఒరిగిపోతుంటే వెనక్కి లాగి పట్టే కండలు పిక్క బయటి వైపు ఉంటాయి. అవి అలిసిపోతే ఆ లాగడం కాస్త ఆలస్యమవుతుంది. ఆ కాస్తలోనే అయిపోయింది.

లేచి కుంటుకుంటూ ఇంట్లోకి పోయేసరికి చీలమండ బయటి గిలక ముందర కోడిగుడ్డంత వాపు. ఆ రాత్రి మా ఇంట్లో జరిగింది ఒక సభ. మా అత్తది పుత్తూరు పక్కన పల్లె. పెరటాసికని వచ్చి ఉంది. "పొద్దున్నే పుత్తూరు కట్టు కట్టిచ్చుకోని వద్దాం అల్లుడూ" అంది. ఆమె మాట తీసిపారేసేది కాదు. పుత్తూరు దగ్గరి రాచపాళెంలో తరతరాలుగా ఎముకలకు కట్లు కడుతున్నారు. తమిళనాడు, కర్ణాటక నుంచి కూడా చెయ్యి విరిగినవాళ్లు, కాలు విరిగినవాళ్లు వస్తారు. ఆకు పసరు, గుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు, గుడ్డ. మా ఆవిడకు అక్కడే పట్టుకుంది.

"పెరటాసిలో గుడ్డా?"

"కాలికి పూస్తారుమే, తినేదానికా?"

ఈ ధర్మసందేహం తేలేలోగా మా అత్త చింతపండు, కల్లుప్పు కలిపి ఉడికించి గోరువెచ్చగా పట్టు వేసింది. అది ఆరి బిగుసుకుంటే హాయిగానే అనిపించింది.

తప్పు తెల్లారి చేశాను. మా పక్క వీధిలో బెణుకులు నీవే పెద్దాయన ఒకాయన ఉన్నాడు. ఇంటికే వచ్చాడు. ఆముదం రాసి, "నరం మీద నరం ఎక్కింది" అని బొటనవేలితో వాపు మీద గట్టిగా తోమాడు. పళ్లు బిగబట్టి కూర్చున్నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆయన చెయ్యి మంచిదని పేరు. వందమందికి బాగు చేసి ఉండొచ్చు. కానీ నా కాలు సాయంత్రానికి రెండింతలైంది, చెప్పులో పట్టలేదు. లోపల తెగిన చిన్న చిన్న రక్తనాళాలు అప్పుడప్పుడే మూసుకుంటుంటాయి, ఆ గంటల్లో దాన్ని పిసికితే మళ్లీ కారుతుంది అని డాక్టరు చెప్పేవరకు నాకు తట్టనే లేదు. దెబ్బ తగిలిన మొదటి రెండు మూడు రోజులు నీవడం, వేడి కాపడం రెండూ వద్దన్నాడాయన. నేను రెండూ చేయించుకునే పోయాను.

డాక్టరు దగ్గరికి సోమవారం పోయాం. గిలక వెనక అంచు వెంబడి పైకి ఒక బెత్తెడు దాకా ఎముకను నొక్కుతూ వచ్చాడు, లోపలి వైపూ అంతే. పాదం బయటి అంచున చిటికెన వేలి ఎముక మొదలు నొక్కాడు, లోపలి వంపులో ఒకచోట నొక్కాడు. "లేచి నాలుగడుగులు వెయ్యండి" అన్నాడు. కుంటుకుంటూ వేశాను. "ఎముకకేం కాలేదు. ఎక్స్‌రే అక్కర్లేదు."

మా ఆవిడ ముఖం మాడిపోయింది. ఫీజు ఇచ్చి బయటికి వచ్చాక, "ఫొటో కూడా తియ్యకుండా ఎట్ల తెలస్తుంది?" అని నా మీద పడింది. అది ఆయన సొంత తెలివి కాదు, లెక్కప్రకారం చేసే పరీక్ష. 1992లో కెనడాలోని ఒటావా డాక్టర్లు పెట్టిన పద్ధతి. గిలక ఎముక కింది 6 సెంటీమీటర్ల వెనక అంచు నొక్కితే నొప్పి లేకపోతే, పాదంలో ఆ రెండు చోట్లా నొప్పి లేకపోతే, నాలుగడుగులు వేయగలిగితే ఎముక విరిగి ఉండే అవకాశం చాలా తక్కువ. వీటిలో ఒక్కటి తేడాగా ఉన్నా ఎక్స్‌రే తియ్యాల్సిందే. నా నొప్పంతా ఎముక మీద కాదు, గిలకకు కాస్త ముందు పల్లంలో ఉంది. అక్కడ గిలక నుంచి పాదం ఎముకకు పట్టీలాంటి లిగమెంటు ఒకటి ఉంటుంది. పాదం లోపలికి మడతపడితే అన్నిటికంటే ముందు చీలేది అదే. నాది సగం చీలింది అన్నాడు. ఎముక విరగనప్పుడు బద్దలు పెట్టి నెల్లాళ్లు బిగించడం వద్దన్నాడు. మా అత్త రెండు రోజులు నాతో ముభావంగా ఉంది.

ఇక ఈ ఒటావా సంగతులన్నీ నాకెట్లా తెలుసు అంటారా. ఫిజియోథెరపీ, నర్సింగు చదివే పిల్లల రికార్డులు, ప్రాజెక్టులు ఏళ్ల తరబడి టైపు చేసి స్పైరల్ బైండింగ్ వేసేది నేనే. వాపు గురించి ఏ ప్రాజెక్టు తీసుకున్నా రెండో పేజీలో సెల్సస్ అనే రోమన్ ఆయన ఉంటాడు. ఎరుపు, వాపు, వేడి, నొప్పి అని నాలుగు లక్షణాలు రెండు వేల ఏళ్ల కిందటే రాసిపెట్టాడు. ఆ నాలుగూ అక్షరం తప్పకుండా ఎన్నిసార్లు కొట్టానో లెక్కలేదు. నా కాలి మీదికి వచ్చేవరకు అవి ఉత్త అక్షరాలే. వారం రోజులు షాపులో ఇంకో స్టూలు మీద కాలు ఎత్తిపెట్టుకుని కూర్చుంటే, ఫైనలియర్ చదివే ఒకమ్మాయి ప్రింట్లకు వచ్చి చూసి, "అంకుల్, మీ కాలు మా ఫస్ట్ చాప్టర్ లాగుంది" అంది. తర్వాత వచ్చినప్పుడల్లా చూసి, అప్పుడు లోపల ఏం జరుగుతుంటుందో చెప్పేది. ఆ చాప్టర్ నేను టైపు చేసిందే. అర్థమైంది మాత్రం అప్పుడే.

వాపు చెడ్డదని, దాన్ని ఎంత తొందరగా దించితే అంత మంచిదని నేను అనుకునేవాణ్ణి. ఆ అమ్మాయి చెప్పింది వేరు. చీలిక పడగానే చుట్టుపక్కల రక్తనాళాలు వెడల్పవుతాయి, వాటి గోడలు కాస్త వదులై నీరు బయటికి ఊరుతుంది. అదే వాపు, అదే వేడి. ఆ దారిన మొదటి గంటల్లోనే ఒక రకం తెల్లకణాలు వచ్చి చేరతాయి. రెండో రోజుకల్లా వాటి వెనక పెద్దవి, మాక్రోఫేజులు వస్తాయి. చచ్చిన కణాలను, తెగిన పోగులను, గడ్డకట్టిన రక్తాన్ని తినేసి చోటు శుభ్రం చేస్తాయి. అంతేకాదు, ఇక కొత్తది కట్టొచ్చని కబురు పంపేది కూడా అవే. జాతర అయిపోయిన మరుసటి రోజు వీధి చూశారా? ఊడ్చేవాళ్లు రాకుండా ఎవరైనా అక్కడ పందిరి వేస్తారా? నొప్పి సంగతీ అంతే. ఆ చోట పుట్టే రసాయనాలు నరాల కొసలను మేల్కొలిపి ఉంచుతాయి, కాలు కింద పెట్టనివ్వవు. కాపలా అన్నమాట. నేనేమో మందుల షాపులో అడిగి వాపు మాత్ర మింగి ఆ కాపలాను పంపించేసి ఆదివారం సాయంత్రం షాపు తెరవబోయాను. మొదటి రెండు మూడు రోజులు ఆ రకం మాత్రలు వద్దని, నొప్పి ఓర్చుకోలేకపోతే పారాసెటమాల్ వేసుకోమని డాక్టరు రాసిచ్చాడు. క్రేప్ బ్యాండేజీ చుట్టుకోమన్నాడు, పడుకున్నప్పుడు కాలు గుండె కంటే ఎత్తులో పెట్టుకోమన్నాడు.

ఐసు సంగతి ఇంకో తమాషా. పక్క జ్యూస్ షాపు తమ్ముడు రోజూ కవరు నిండా ఐసు తెచ్చిచ్చేవాడు. దెబ్బ తగిలితే విశ్రాంతి, ఐసు, కట్టు, ఎత్తిపెట్టడం అనే నాలుగు మాటల సూత్రం 1978లో గేబ్ మిర్కిన్ అనే అమెరికా డాక్టరు పెట్టింది. ముప్పై ఏళ్లకు పైగా లోకమంతా పాటించాక, ఐసు, పూర్తి విశ్రాంతి రెండూ గాయం మానడాన్ని ఆలస్యం చేయొచ్చని ఆయనే మాట మార్చాడు. 2019లో కెనడాలో ఇద్దరు ఫిజియోలు కొత్త సూత్రం రాస్తే అందులో ఐసు అసలు లేదు. కొన్నాళ్లు కాపాడుకో, తర్వాత మెల్లగా బరువు మోపు, కదిలించు అన్నారు. నొప్పి తగ్గడానికి ఐసు పనికొస్తుంది, అంతవరకే అని ఆ అమ్మాయి తేల్చింది. నేను పది నిమిషాలు పెట్టుకుని మిగతాది సోడాలో వేసుకునేవాణ్ణి.

నాలుగో రోజుకు రంగులు మొదలయ్యాయి. దెబ్బ తగిలింది గిలక ముందర అయితే నలుపు తేలింది మడమ పక్కన, వేళ్ల మొదట్లో. పాకుతోందని మా ఆవిడ హడలిపోయింది. పాకడం కాదు, కారిన రక్తం పల్లానికి దిగడం. వారానికి ఆ ఊదా నలుపు అంచుల్లో ఆకుపచ్చ, తర్వాత మామిడిపండు పసుపు. రక్తంలోని ఎర్రరంగు విరిగితే ముందు పచ్చ పదార్థం, దాని నుంచి పసుపు పదార్థం అవుతాయి. ఆ పసుపు బిలిరుబిన్, పచ్చకామెర్లలో కళ్లకు వచ్చేదే. కాలి మీద కామెర్లు అని మా పాప ఫొటో తీసి వాళ్ల ఫ్రెండ్స్‌కు పంపింది.

మూడు వారాలకు రంగు పోయింది. వాపు చాలావరకు దిగింది. నొప్పి దాదాపు లేదు. అక్కడ నేను మోసపోయాను.

దీపావళి ముందు మాకు పని ఎక్కువ. కరపత్రాలు, బిల్లు పుస్తకాలు, చీటీలు. బ్యాండేజీ విప్పి పక్కన పడేశాను. డాక్టరు చెప్పిన వ్యాయామాల కాగితం క్యాష్ డబ్బాలో అడుగున పడింది. పేపరు బండిళ్లు మోశాను, మెట్లు ఎక్కాను దిగాను. అంతా బాగానే ఉంది. అయిదో వారంలో, లీలామహల్ సర్కిల్ దగ్గర సిగ్నల్లో స్కూటరు ఆపి ఎడమ కాలు కింద పెట్టాను. తారు అంచున రెండంగుళాల పల్లం, అంతే. చూసుకోకుండా ఎవడైనా పెట్టే అడుగు. కాలు మళ్లీ అదే వైపు మడతపడింది. స్కూటరు నా మీద. వెనక ఆటోవాడు దిగి లేపాడు. "ఏమన్నా, తాగినావా?" అన్నాడు. పొద్దున పదిన్నర.

ఈసారి వాపు తక్కువ, దిగులు ఎక్కువ. మొదటిసారి బండను తిట్టుకున్నాను. ఇప్పుడెవర్ని తిట్టుకోవాలి? నా కాలు నాకు చెప్పకుండా పోయింది. రాత్రి నిద్రలేదు. షాపులో నిలబడాల్సిన వయసులో ఇట్లా పడిపోతుంటే ఎట్లా అని టెన్షన్. ఆ అమ్మాయి, వాళ్ల సీనియర్ ఫిజియో ఒకామె దగ్గరికి పంపింది. ఆమె ముందు అడిగింది ఒకటే. "కళ్లు మూసుకుని కుడి కాలి మీద నిలబడండి సార్." పద్దెనిమిది అంకెల దాకా నిలిచాను. "ఇప్పుడు ఎడమ." మూడు కూడా కాలేదు, గోడ పట్టుకున్నాను. నొప్పి ఏమాత్రం లేదు. నొప్పి లేని కాలు మూడంకెలు నిలవలేదు.

ఆమె చెప్పింది ఇది. లిగమెంటు ఉత్త తాడు కాదు. పాదం ఏ వాటాన ఉందో మెదడుకు చెప్పే నరాల కొసలు దాంట్లో ఉంటాయి. చీలినప్పుడు అవీ దెబ్బతింటాయి. కబురు ఆలస్యంగా పోతుంది, కండ ఆలస్యంగా లాగుతుంది. అందుకే ఒకసారి బెణికిన కాలే మళ్లీ బెణుకుతుంది. ఇది ఒకటి. రెండోది అతుకు సంగతి. రెండు మూడు రోజుల నుంచే కొలాజెన్ అనే ప్రోటీన్‌తో కొత్త పోగులు పడడం మొదలవుతుంది, రెండు మూడు వారాలకు ఆ పని జోరుగా ఉంటుంది. కానీ మొదట పడేది మూడో రకం కొలాజెన్. సన్నటిది, బలం తక్కువ, ఎటుపడితే అటు అల్లుకుంటుంది. దాని చోట మొదటి రకం, గట్టిది, వచ్చి సర్దుకోవడానికి నెలలు పడుతుంది. ఏడాది, ఒక్కోసారి ఆపైన. అప్పటికీ అది అచ్చం పాతదానిలా అవుతుందని చెప్పలేం. కండకు రక్తం బాగా అందుతుంది కాబట్టి తొందరగా మానుతుంది. లిగమెంటుకు అందేది తక్కువ. మూడు వారాలకు నా నొప్పి పోయినప్పుడు లోపల ఉన్నది పీచు. నేను దాన్ని తాడు అనుకుని బరువు కట్టాను.

మరి పీచు తాడయ్యేది ఎట్లా? పేనాలి. ఊరికే ఉంచితే కాదు, ఒకేసారి గుంజితే తెగుతుంది. నడకలో, వ్యాయామంలో ఏ వైపు లాగుడు పడుతుందో ఆ వైపుకు పోగులు వరుసలో సర్దుకుంటాయట. ఈ ముక్క విన్నాకే క్యాష్ డబ్బా అడుగునున్న కాగితం బయటికి తీశాను.

చేసినవన్నీ చెబితే విసుగు. నేల మీద తువ్వాలు పరిచి వేళ్లతో ముడుచుకోవడం, పాత సైకిలు ట్యూబు ముక్కను మంచం కోడుకు కట్టి పాదంతో బయటికి లాగడం, షాపు మెట్టు అంచు మీద మునివేళ్లతో నిలబడి మడమలు పైకెత్తి దించడం. ముందు రెండు కాళ్లతో, నెల పోయాక ఒంటి కాలితో. అన్నిటికంటే పనికొచ్చింది పళ్లు తోముకునేటప్పుడు ఎడమ కాలి మీద నిలబడడం. దానికి వేరే టైము అక్కర్లేదు, మానేయడానికి సాకు దొరకదు. మా పాప నాకు కొంగ అని పేరు పెట్టింది. మా అత్త సంక్రాంతికి వచ్చి పెరట్లో నన్ను చూసి, ఏదైనా మొక్కా అని మా ఆవిడను గుసగుసగా అడిగిందట.

లెక్క ఎంతన్నది ఫిజియోయే చెప్పింది. చేసేటప్పుడు కాస్త నొప్పి ఉంటే ఫరవాలేదు, మర్నాడు పొద్దునకల్లా తగ్గిపోవాలి. తగ్గకపోతే నిన్న ఎక్కువ చేశావని. నాకు ఈ కొలత బాగా నచ్చింది. సంక్రాంతికి కళ్లు మూసుకుని పదకొండు. ఫిబ్రవరిలో అలిపిరి దాకా నడిచిపోయి, మెట్లెక్కకుండా పాదాల దగ్గర దండం పెట్టుకుని తిరిగొచ్చాను. కింద నుంచి పైకి చూస్తే గాలిగోపురం కనబడుతోంది. ఎక్కాలనిపించింది. ఎక్కలేదు. దిగడమే కష్టం కాలికి అని ఆమె ముందే చెప్పి ఉంది.

మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర. మా తిరుపతిలో మగవాళ్లు ఆడవేషం కట్టి అమ్మవారి దగ్గరికి పోవడం చూసే ఉంటారు. నేనూ ఏటా కడతాను. ఈసారి వద్దన్నారు అందరూ, ఆ జనంలో తోపులాటలో కాలు ఎక్కడ పడుతుందో తెలీదని. ముందు రోజు రాత్రి పెరట్లో కళ్లు మూసుకుని నిలబడ్డాను. కుడి కాలు ఇరవై, ఎడమ పదిహేడు. పొద్దున చీర కట్టి, పూలు పెట్టి, మా ఆవిడ కింద కూర్చుని గజ్జెలు కట్టింది. కుడి కాలి తోలుపట్టీ మూడో రంధ్రానికి పట్టింది, ఏటా పట్టేదే. ఎడమది పట్టలేదు.

"ఇంకా ఉబ్బే ఉందే" అంది, బొటనవేలితో గిలక ముందర నొక్కుతూ. గుంట పడలేదు, నొప్పీ లేదు. గట్టిగా ఉంది.

"రెండో దానికి పెట్టు" అన్నాను.

పెట్టింది.